కిటికీ గ్రిల్‌కి కాసిన కీరా

మా కూకట్‌పల్లి ఫ్లాట్‌కి బాల్కనీ లేదు. చలికాలంలో దక్షిణం కిటికీలోకి ఎండ బాగా వస్తుంది కదా అని, సంక్రాంతి వెళ్లగానే 12 అంగుళాల కుండీలో ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, పశువుల ఎరువు కలిపి కీరా గింజలు పెట్టి, తీగ సాగాక గ్రిల్‌కి పురికొసతో కట్టాను.

పూలు బోలెడు పూశాయి, కానీ పిందెలన్నీ పసుపుబారి రాలిపోతుంటే ఎంత బాధేసిందో! ఇంట్లోకి తేనెటీగలు రావు, మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకి చేర్చే పని (పరాగసంపర్కం) మనమే చేయాలి. వెనక చిన్న పిందె ఉంటే ఆడపువ్వు, వట్టి కాడ ఉంటే మగపువ్వు. పొద్దున్నే మగపువ్వు తెంపి, రేకులు తీసేసి, ఆడపువ్వు మధ్యలో మెల్లగా రుద్దాలి. పరాగసంపర్కం లేకుండానే కాసే రకాలూ ఉన్నాయి, ఈసారి అవే వేస్తాను.

నీళ్లు మాత్రం మర్చిపోవద్దు, మట్టి ఎండితే కాయ చేదెక్కుతుంది. నిన్న మొదటి కాయ కోసి, ఉప్పూకారం చల్లుకుని తిన్నాం.