ఇంటికి రెండు నిమిషాలు

బేసిన్ బ్రిడ్జి దగ్గర పినాకిని ఎక్స్‌ప్రెస్ ఆగిపోయింది. నెల్లూరు నుంచి మద్రాసు వెళ్ళేవాళ్ళకి ఇదేం కొత్త కాదు. 175 కిలోమీటర్లు బాగానే లాక్కొచ్చి, సెంట్రల్ ఇదిగో వచ్చేసిందనగా సిగ్నల్ కోసం పడిగాపులు. సామాన్లు దించుకుని తలుపు దగ్గర నిలబడినవాళ్ళంతా గొణుక్కుంటూ మళ్ళీ వచ్చి కూర్చున్నారు. నేను సంచిలో కవరు ఉందో లేదో ఇంకోసారి తడిమి చూసుకున్నాను.

కవర్లో ఒక ఫోటో. 1983లో తీసింది, నలుపు తెలుపు. కాలేజీలో నాతో పరిగెత్తిన మా వాడు టేపు తెంపుతున్నాడు. ఛాతీ ముందుకి, తల వెనక్కి, కాళ్ళ కింద బూడిద ట్రాక్ మీద సున్నం గీత. వాడి వెనక నాలుగు గజాల దూరంలో నేను.

వాడి సంవత్సరీకానికి వెళ్తున్నాను. నిరుడు పోయినప్పుడు నాకు నాలుగు రోజుల తర్వాత వాట్సాప్‌లో తెలిసింది. ఈసారి వాళ్ళ వీధివాళ్ళే ఫోన్ చేశారు. వాడి నోటుబుక్కులో నా నంబరు దొరికిందట. "మామ పేరుమీద వీధిలో అన్నం పెడుతున్నాం సార్, మీరు తప్పకుండా రావాలి" అన్నాడొక కుర్రాడు. మామ ఎవరో అర్థం కావడానికి నాకు కాస్త టైమ్ పట్టింది.

సెంట్రల్ బయట ఆటో అతను తండయారుపేటకి 350 అన్నాడు. మీటరు వెయ్యమంటే నన్ను జాలిగా చూశాడు. మద్రాసులో మీటరు ఆటోకి పెట్టే దిష్టిబొమ్మ లాంటిదని నేనెప్పుడో రాశాను, ఇప్పటికీ అదే మాట. మెట్రో ఎక్కాను. మన్నడి, చాకలిపేట (అదే, వాషర్‌మెన్‌పేట) అన్నీ భూమిలోపల చల్లగా దాటిపోయాయి. పైకి వచ్చేసరికి ఎండ మాడు మీద కొట్టింది.

దారి పొడుగునా ఏం మాట్లాడాలో తయారు చేసుకుంటూనే ఉన్నాను. నలుగురూ ఎలాగూ అడుగుతారు కదా, కాలేజీలో ఎలా పరిగెత్తేవాడని. ఎనిమిదొందల మీటర్లంటే రెండు రౌండ్లు. మొదటి రౌండు నేను ముందుండి లాగాలి, రెండో రౌండులో వాడు నన్ను దాటి గెలవాలి. మా పీటీ సార్ చేసిన ఏర్పాటు అది. నేను మొహం ముడుచుకుంటే శ్రీరామ్ సింగ్ కథ ఎత్తుకునేవారు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ ఫైనల్లో మొదటి రౌండంతా ముందు పరిగెత్తింది మన శ్రీరామ్ సింగే. గెలిచింది క్యూబా హువాంటొరీనా, అదీ ప్రపంచ రికార్డుతో. శ్రీరామ్ ఏడోవాడు. కానీ ఆ ఏడో స్థానపు 1:45.77 మన దేశంలో 2018 దాకా ఎవరికీ అందలేదు. "చూశావా, లాగినవాడికీ పేరుంటుంది" అనేవారు సార్. నాకు మాత్రం ఏ పేరూ రాలేదు. మా వాడు ఆ ఫోటో నాడు 1:59.6 చేశాడు. రెండు నిమిషాల్లోపు రావడం మా జిల్లాలో అప్పుడు పెద్ద మాటే. దాంతోనే స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం దొరికి మద్రాసు వెళ్ళిపోయాడు.

వీధి మొదట్లోనే షామియానా వేశారు. ఫ్లెక్సీలో కళ్ళద్దాల ముసలాయన, జేబులో మూడు పెన్నులు. వీడా అనుకున్నాను. కింద అంతా తమిళం. ఎదురింట్లో ఇడ్లీలు అమ్మే ఆవిడ నాకు చదివి చెప్పింది. వాళ్ళ తాతలది గూడూరు పక్కన పల్లెటూరు. తెలుగు గడగడా మాట్లాడుతుంది కానీ అక్షరం రాదు. నాకేమో తమిళ అక్షరం రాదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి చదువు.

"కాగితాల మామ అన్నా ఆయన. రేషన్ కార్డు, పెన్షను, ఆస్పత్రి స్కీము, ఏ ఫారమైనా ఆయనే రాసిచ్చేది. ఆఫీసుకు కూడా వచ్చేవాడు. లైన్లో మాతోపాటే నిలబడతాడు, ముందుకు పోనివ్వడు."

నేను ఇక ఆగలేక ఫోటో తీశాను. ఆమె చూసింది. పక్కావిడ చూసింది. ఫోన్ చేసిన కుర్రాడూ చూశాడు. ఎవరికీ తెలియలేదు.

"మీవాడే. మామే. కాలేజీలో గొప్ప రన్నరు" అన్నాను.

"పరుగా? మామా?" ఆమె పకపకా నవ్వింది. "బస్సు కదిలిపోతున్నా పరిగెత్తడు అన్నా. ఇంకో బండి వస్తుందిలే అంటాడు. మా పిల్లోళ్ళు రోడ్డు మీద పరిగెత్తితే చెవి పిండేవాడు."

నాకు నిజంగానే చిన్నబోయినట్టయింది. తెల్లవారుజామున లేచి ఇంత దూరం వచ్చింది ఈ మాట కోసమా? మాట్లాడాలనుకున్నదంతా సాంబారన్నంలో కలిపేసి తినేస్తే సరి అనుకుంటూ దండం పెట్టడానికి పటం దగ్గరికి వెళ్ళాను.

పటం ముందు దీపం, కొబ్బరికాయ, వాటి పక్కన ఒక స్టాప్‌వాచ్. కీ ఇచ్చే పాత రకం. నికెల్ ఊడి ఇత్తడి బయటపడింది. మెడలో వేసుకునే తాడు మాత్రం కొత్తది, పసుపుపచ్చ నైలాన్. తిప్పి చూశాను. వెనక మూత మీద మేకుతో గీకిన మా కాలేజీ పొడి అక్షరాలు. పీటీ సార్ నెల రోజులు అందరి పెట్టెలూ వెతికించిన వాచీ అది. వెతికినవాళ్ళలో వీడూ ఉన్నాడు, దొంగ వెధవ.

"అది నీళ్ళ వాచీ. కిందపడితే పోతుందన్నా, జాగ్రత్త" అంది వెనక నుంచి ఆవిడ.

నీళ్ళ వాచీ ఏమిటంటే, అసలు కథ అప్పుడు చెప్పింది. 2019 ఎండాకాలం. పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం నాలుగు చెరువులూ ఎండిపోయి, జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తెచ్చిన ఏడాది. మా కండలేరు నుంచి పూండికి 1996 నుంచి కాలవ ఉంది కాబట్టి, మద్రాసు దాహం గురించి మా నెల్లూరోళ్ళకి కాస్త గొప్ప, కాస్త గిల్టు రెండూ ఉంటాయి. ఈ వీధి చివర నల్ల సింటెక్స్ ట్యాంకు. లారీ వచ్చి అందులో నింపి పోతుంది. కింద ఒకటే కొళాయి, నలభై ఇళ్ళు. మొదట ఇంటికి ఆరు బిందెలని పెట్టుకున్నారు. రెండో రోజుకే అందరూ పెద్ద బిందెలు కొనుక్కొచ్చారు. జుట్టు పట్టుకోవడం దాకా వెళ్ళింది.

అప్పుడు మామ మెడలో వాచీ, నోట్లో విజిల్‌తో వచ్చి కొళాయి దగ్గర స్టూలు వేసుకున్నాడట. బిందెల లెక్క లేదు, ఇంటికి రెండు నిమిషాలు. ఏ బిందె అయినా తెచ్చుకోండి.

"విజిల్ ఊదితే చెయ్యి తీసెయ్యాలంతే. ఒకసారి నా బిందెకి బెత్తెడు తక్కువైంది, ఏడ్చినా ఇవ్వలేదు. వాళ్ళింటిక్కూడా అంతే, అక్క తిట్టుకుంటా పోయేది."

"ట్యాంకులో నీళ్ళు తగ్గేకొద్దీ ధార సన్నబడుతుంది కదమ్మా, చివరివాళ్ళకి అన్యాయం కాదా?" అన్నాను.

"అందుకే చివరి పది ఇళ్ళకి రెండున్నర నిమిషాలు. ముందే కొలిచి పెట్టుకున్నాడు, బకెట్ పెట్టి, వాచీ పెట్టి."

నేను వాచీ పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఎనిమిదొందల్లో మొదటి వంపు ఎవడి లేన్లో వాడే పరిగెత్తాలి. బయటి లేనువాడికి వంపు పొడుగు. అందుకే వాణ్ణి కొన్ని గజాలు ముందు నిలబెడతారు. చూసేవాళ్ళకి వాడికేదో లాభం చేసినట్టు ఉంటుంది. నిజానికి అందరూ పరిగెత్తేది ఒకే దూరం. ఆ లెక్క టేపు పట్టుకుని, గ్రౌండులో మేకులు కొట్టి మా ఇద్దరిచేతా గీయించింది పీటీ సారే. ఆవిడకి ఇదంతా చెప్పాను. మర్యాదగా విని, "అట్లనా" అంది.

భోజనాలు మొదలయ్యాయి. అరిటాకు, పొరియల్, అప్పళం, పాయసం. సాంబారు మా ఊరి హోటళ్ళలో పోసే దానికంటే చాలా నయం. ఆ కుర్రాడు నా ఫోటో తీసుకుని పటం పక్కన నిలబెట్టాడు. పడిపోతుంటే వాచీ ఆనించాడు. ఆకు ముందు కూర్చున్న ఒక ముసలావిడ మెడ సాచి దాన్ని చాలాసేపు చూసింది.

"ముందున్నది మామ అంటున్నారే. ఆ వెనకాల పడతా లేస్తా వచ్చేది ఎవరు?"

"నేనేనమ్మా."

ఆమె ఫోటో వైపు చూసింది, నా వైపు చూసింది.

"పాపం. ఈయనకి ఇంకొంచెం పాయసం వెయ్యండ్రా" అంది.