స్పెషల్ టూల్ లేకుండానే ఇంట్లో బైకు క్లచ్ ప్లేట్లు మార్చాను

ఎత్తు ఎక్కేటప్పుడు మొదట తెలిసింది. టాప్ గేర్‌లో యాక్సిలరేటర్ తిప్పితే ఇంజిన్ శబ్దం పెరుగుతోంది కానీ బండి మాత్రం అదే స్పీడులో పోతోంది. రెండు రోజులు ఎదురుగాలి అనుకుని సరిపెట్టుకున్నాను. మూడో రోజు తమ్ముణ్ణి వెనక ఎక్కించుకుని అదే ఎత్తు ఎక్కాను. సగంలోనే కాలిన వాసన వచ్చింది, "అన్నా, ఏదో మాడుతోంది" అని వాడే అన్నాడు. అంటే క్లచ్ జారుతోందన్నమాట, ఇంజిన్ బలం చక్రానికి పూర్తిగా అందడం లేదు.

క్లచ్ పని ఇంట్లో కాదు, దానికి స్పెషల్ టూల్ కావాలి అని అందరూ చెప్పే మాటే నేనూ చాలా ఏళ్ళు నమ్మాను. అందులో సగమే నిజం. ఆ టూల్ ఉన్నది క్లచ్ సెంటర్ అనే నడిమి భాగాన్ని కదలకుండా పట్టుకుని మధ్యలో ఉండే పెద్ద నట్టు విప్పడానికి. ప్లేట్లు, స్ప్రింగులు మార్చడానికి చాలా బైకుల్లో ఆ నట్టును ముట్టుకోవాల్సిన అవసరమే రాదు. ప్లేట్లను బయటి నుంచి నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటు తీస్తే ప్లేట్లు ఒక్కొక్కటిగా చేతికి వచ్చేస్తాయి. ఈ సంగతి తెలియకే చాలామంది బండి కవర్ విప్పడానికి భయపడతారు. నేనూ అలాగే భయపడ్డాను కాబట్టి ఇదంతా కాస్త వివరంగా రాస్తున్నాను.

కవర్ మీద స్పానర్ పెట్టేముందు రెండు విషయాలు చూడండి, ఎందుకంటే క్లచ్ జారిన ప్రతిసారీ ప్లేట్లే అరిగిపోయి ఉండవు. మొదటిది కేబుల్. లివర్ చివర పట్టుకుని మెల్లగా లాగితే, క్లచ్ బిగువు చేతికి తగిలేలోపు కొంత ఖాళీగా కదలాలి. చాలా బైకులకు అది 10 నుంచి 20 మి.మీ. ఉంటుంది. ఆ ఖాళీ అసలు లేకపోతే మీరు లివర్ వదిలేసినా కేబుల్ క్లచ్‌ను కొద్దిగా లాగే ఉంచుతుంది, హాఫ్ క్లచ్‌లో నడిపినట్టే లెక్క. అడ్జస్టర్ నాలుగు చుట్లు తిప్పితే పోయే జబ్బుకు ఇంజిన్ విప్పడం దేనికి? రెండోది ఆయిల్. బైకు క్లచ్ ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి తిరుగుతుంది. కార్ల కోసం చేసే కొన్ని ఆయిళ్ళలో రాపిడి తగ్గించే రసాయనాలు ఉంటాయి, అవి కారు ఇంజిన్‌కు మంచివే కానీ ఈ ప్లేట్లకు పట్టు పోతుంది. డబ్బా మీద జాసో (బైకు ఆయిళ్ళకు వాడే జపాన్ ప్రమాణం) ఎంఏ అనో ఎంఏ2 అనో ఉందేమో చూడాలి. ఎంబీ అని ఉంటే అది ఇలాంటి తడి క్లచ్‌కు పనికిరాదు. నా బండికి ఖాళీ సరిగ్గానే ఉంది, ఆయిల్ కూడా ఎంఏ2నే. కాబట్టి విప్పక తప్పలేదు.

లోపల ఏం జరుగుతుందో ఒక్కసారి మనసులో బొమ్మ కట్టుకుంటే పని సగం తేలికవుతుంది. బయట ఒక గిన్నెలాంటి హౌసింగ్ ఉంటుంది, అది ఇంజిన్‌తో తిరుగుతుంది. దాని మధ్యలో ఉండే క్లచ్ సెంటర్ గేర్‌బాక్స్‌తో తిరుగుతుంది. రాపిడి ప్లేట్ల చెవులు గిన్నె గాడుల్లో కూర్చుంటాయి, ఉక్కు ప్లేట్ల పళ్ళు సెంటర్‌లో కూర్చుంటాయి. ఒకటి విడిచి ఒకటి పేర్చిన ఈ దొంతరను స్ప్రింగులు నొక్కి పట్టుకుంటాయి, అంతే. నా బండిలో రాపిడి ప్లేట్లు 5, ఉక్కువి 4. ఒక్కో రాపిడి ప్లేటు 0.3 మి.మీ. అరిగిందనుకోండి, అది కంటికి కూడా ఆనదు, కానీ 5 ప్లేట్లకు కలిపితే దొంతర 1.5 మి.మీ. పలచబడుతుంది. స్ప్రింగులు ఆ మేరకు సాగి నిలబడతాయి, వాటి నొక్కుడు తగ్గుతుంది, ఇంజిన్ గట్టిగా లాగినప్పుడు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి జారతాయి. ఆ జారుడుకు వేడి పుడుతుంది, వేడికి ఇంకా త్వరగా అరుగుతాయి. అందుకే జారడం మొదలయ్యాక "చూద్దాంలే" అని నెలలు తిప్పకూడదు. అలా తిప్పితే ప్లేట్లతో పోయేది కాస్తా హౌసింగ్ దాకా వెళ్తుంది.

నా దగ్గర ఉన్నవి 8, 10 సైజు టీ స్పానర్లు, ఒక రింగ్ స్పానర్ సెట్టు, స్క్రూడ్రైవర్లు, ఒక రబ్బరు సుత్తి, పాత బట్టలు, ఒక ట్రే. వీటితో పాటు లగేజీ తూకం వేసే చిన్న కొక్కెం త్రాసు ఒకటి, దాని పని తర్వాత చెప్తాను. కొన్నవి రాపిడి ప్లేట్లు, స్ప్రింగులు, కవర్ ప్యాకింగ్, ఆయిల్. ప్యాకింగ్ ముందే తెచ్చుకోండి, పాతది చిరక్కుండా రావడం చాలా అరుదు.

చాలా బైకులకు క్లచ్ కుడివైపు ఉంటుంది, సైడ్ స్టాండ్ వేస్తే బండి ఎడమకు వాలుతుంది, కాబట్టి ఆయిల్ కూడా ఎడమవైపుకే చేరుతుంది. అందువల్ల ఆయిల్ దింపకుండానే కవర్ తీసేవాళ్ళు ఉన్నారు. నేను మాత్రం దింపేశాను, కాలిన ప్లేట్ల పొడి కలిసిన ఆయిల్‌లో కొత్త ప్లేట్లు వేయడం నాకు నచ్చలేదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టండి. ముందు చక్రానికి అటూ ఇటూ చెక్క ముక్కలు అడ్డం పెడితే బండి కదలదు.

ముందుగా కేబుల్ వదులు చేసి తీశాను, తర్వాత కిక్ రాడ్. కిక్ రాడ్ ఏ పన్ను మీద కూర్చుందో పెయింటుతో ఒక చుక్క పెట్టుకుంటే మళ్ళీ అదే కోణంలో వస్తుంది. తర్వాత కవర్ బోల్టులు. ఇక్కడ ఒక అట్టముక్క ఎంత పని చేస్తుందో చెప్పలేను. అట్ట మీద కవర్ ఆకారం గీసి, ఏ బోల్టు ఎక్కడి నుంచి తీస్తే అక్కడే చిల్లు పొడిచి గుచ్చేశాను. బోల్టుల పొడవులు వేరువేరుగా ఉంటాయి, పొట్టి బోల్టు ఉండాల్సిన చోట పొడుగుది పెట్టి బిగిస్తే ఇంజిన్ అల్యూమినియం పగిలిపోతుంది. వేరువేరు పొడవుల బోల్టులు గిన్నెలో కలిపి పోసుకుంటే తర్వాత ఎవరికీ గుర్తుండదు.

బోల్టులన్నీ వచ్చినా కవర్ రాదు, పాత ప్యాకింగ్ పట్టుకుని ఉంటుంది. అప్పుడే చాలామంది సందులోకి స్క్రూడ్రైవర్ దూర్చి పైకి లేపుతారు, దయచేసి ఆ పని చేయొద్దు. ఆ అంచు మీద పడ్డ ఒక్క గీత చాలు, ఎన్ని ప్యాకింగులు మార్చినా ఆయిల్ కారుతూనే ఉంటుంది. చెక్క ముక్క ఆనించి రబ్బరు సుత్తితో చుట్టూ మెల్లగా తడితే అదే వదులుతుంది. కవర్‌ను నిలిపి ఉంచే బోలు పిన్నులు రెండు ఉంటాయి, అవి కొన్నిసార్లు కవర్‌తో వస్తాయి, కొన్నిసార్లు ఇంజిన్‌లో ఉండిపోతాయి. నాకు ఒకటే కనిపించింది. రెండోది లోపలే పడిపోయిందేమోనని అరగంట టెన్షన్ పడ్డాం. చివరికి తమ్ముడు ఆయిల్ ట్రేలో వేళ్ళు పెట్టి కెలికితే దొరికింది. కవర్ తీసిన వెంటనే ఆ రెండింటినీ లెక్క చూసుకోండి.

స్ప్రింగుల బోల్టులను ఒకేసారి విప్పకుండా, ఎదురెదురుగా ఒక్కో చుట్టు వదులు చేస్తూ రావాలి. ఒక వైపే విప్పేస్తే ప్రెషర్ ప్లేటు వంకరగా లేస్తుంది, ఆ బోల్టులు దిగే అల్యూమినియం స్తంభాలు విరిగిపోవచ్చు. ప్లేట్లు తీసేటప్పుడు ప్రతి దానికీ ఫోన్‌లో ఒక ఫొటో తీయండి, తీసిన వరసలోనే పేర్చండి. కొన్ని బైకుల్లో మొదటి ప్లేటో చివరి ప్లేటో మిగతా వాటికన్నా తేడాగా ఉంటుంది, కొన్నిట్లో చివరి ప్లేటు చెవులు పక్క గాడిలోకి వెళ్తాయి. ఇది గమనించకపోతే అంతా సరిగ్గానే ఉన్నట్టుంటుంది కానీ క్లచ్ సరిగా విడవదు.

ఒక మాట. కొన్ని చిన్న బైకుల్లో అమరిక తిరగేసి ఉంటుంది, ప్రెషర్ ప్లేటు లోపలివైపు ఉండి, సెంటర్ బయటికి వస్తేగానీ ప్లేట్లు రావు. ఆ సెంటర్‌ను సర్‌క్లిప్ (గాడిలో బిగిసి ఉండే స్ప్రింగు రింగు) పట్టుకుని ఉంటే దాన్ని రెండు సన్న స్క్రూడ్రైవర్లతో తీయొచ్చు, కళ్ళద్దాలు పెట్టుకోండి, అది ఎగురుతుంది. నట్టు ఉంటే మాత్రం పట్టుకునే సాధనం కావాలి. పాత రాపిడి ప్లేటు, పాత ఉక్కు ప్లేటు రెండింటినీ కలిపి బోల్టులతో బిగిస్తే హౌసింగ్, సెంటర్ ఒకదానికొకటి లాక్ అవుతాయి, గేరులో వేసి వెనక బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకుంటే నట్టు కదులుతుంది. సెంటర్‌కు స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి, ఉలి ఆనించి సుత్తితో కొట్టి నట్టు తిప్పేవాళ్ళను చూశాను. నట్టు వస్తుంది, నిజమే, కానీ దాని గాడులు చెడిపోతాయి, ఆ దెబ్బలు లోపలి బేరింగులకు తగులుతాయి. అలా చేయాల్సి వస్తే ఆపేసి టూల్ ఉన్నవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళడమే మంచిది.

బయటికి వచ్చిన రాపిడి ప్లేట్లు నల్లగా, గాజులా మెరుస్తున్నాయి, కొత్తదాని పక్కన పెడితే తేడా గోటికి తెలుస్తోంది. వెర్నియర్ (మందం కచ్చితంగా కొలిచే సాధనం) ఉంటే కొలిచి మాన్యువల్‌లో ఉన్న హద్దుతో చూడండి. ఉక్కు ప్లేట్ల మీద నీలం మచ్చలుంటే అవి బాగా కాలాయని అర్థం. వాటిని అద్దం ముక్క మీద పెట్టి వేళ్ళతో అంచులు నొక్కి చూశాను. ఒకటి టక్కుటక్కుమని ఊగింది, అంటే వంగింది. ఇక ఉక్కువి కూడా కొత్తవి తెచ్చి అన్నీ మార్చేశాను. పాత స్ప్రింగులను కొత్తవాటి పక్కన నిలబెడితే అవి కొంచెం పొట్టిగా కనిపించాయి. హౌసింగ్ గాడుల అంచుల మీద కూడా వేలు పెట్టి చూడండి. ప్లేట్ల చెవులు కొట్టీ కొట్టీ అక్కడ సొట్టలు పడతాయి. చిన్నవైతే ఆకురాయితో సాపు చేయొచ్చు, లోతైనవైతే ప్లేట్లు వాటిలో ఇరుక్కుని క్లచ్ సరిగా విడవదు, న్యూట్రల్ పడదు, హౌసింగ్ మార్చాల్సిందే. నాది బాగానే ఉంది.

పాత ప్యాకింగ్ గీకడానికే గంట పట్టింది. ఇంజిన్ రంధ్రాల్లో గుడ్డ కుక్కి, ప్లాస్టిక్ స్కేలుతో గీకాను, ఇనుప బ్లేడు జోలికి పోలేదు.

కొత్త రాపిడి ప్లేట్లను ముందు రోజు రాత్రే ఇంజిన్‌లో పోసే ఆయిల్‌లోనే నానబెట్టాను. పొడి ప్లేట్లు అలాగే వేస్తే మొదటి నిమిషాల్లోనే మాడొచ్చు. ఉక్కు ప్లేట్లకు ఒకవైపు అంచు కొంచెం గుండ్రంగా, రెండోవైపు పదునుగా ఉంటుంది, అన్నీ ఒకే వైపుకు తిరిగి ఉండేలా పేర్చాను.

తప్పు జరిగింది ప్రెషర్ ప్లేటు దగ్గర. దాని పళ్ళు సెంటర్ పళ్ళలో కూర్చోవాలి. నేను పెట్టినప్పుడు అది ఒక పన్ను పక్కకు జరిగి పైన నిలబడింది, నేను చూసుకోకుండా బోల్టులు బిగిస్తూ పోయాను. ఏదో అనుమానం వచ్చి లోపలి ప్లేటు చెవి పట్టుకుని కదిపితే ఖాళీగా ఆడింది. బిగించాక ప్లేట్లు అలా ఆడకూడదు. వెంటనే విప్పి, ప్రెషర్ ప్లేటును మెల్లగా అటూ ఇటూ తిప్పితే టక్కుమని లోపలికి దిగింది. ఇంకో రెండు చుట్లు బిగించి ఉంటే ఆ ప్లేటు పగిలేది. మీరు కూడా బోల్టులు చేతితో పట్టించాక చుట్టూ సందు సమానంగా ఉందో లేదో చూసి, ఆ తర్వాతే స్పానర్ వేయండి.

ఇక త్రాసు సంగతి. ఈ చిన్న 6 మి.మీ. బోల్టులకు సాధారణంగా 10 న్యూటన్ మీటర్ల దగ్గర బిగువు చాలు, కచ్చితమైన అంకె మీ బండి మాన్యువల్‌లో చూడండి. టార్క్ రెంచ్ లేదు కాబట్టి రింగ్ స్పానర్ మీద బోల్టు మధ్య నుంచి 20 సెం.మీ. దూరంలో గుర్తు పెట్టి, అక్కడ త్రాసు కొక్కెం తగిలించి, స్పానర్‌కు లంబంగా 5 కిలోలు చూపించేదాకా లాగాను. లెక్క వేస్తే అది 9.8 న్యూటన్ మీటర్లు వస్తుంది. చేతి అంచనాతో ఎప్పుడూ ఎక్కువే బిగిస్తాం, 5 కిలోలంటే ఎంత తక్కువో లాగి చూస్తే మీకే అర్థమవుతుంది.

పిన్నులు రెండూ, కొత్త ప్యాకింగ్, కవర్, అట్ట మీది బోల్టులు, కిక్ రాడ్, కేబుల్, ఆయిల్. ఇదంతా త్వరగానే అయిపోయింది. స్టార్ట్ చేసేముందు మెయిన్ స్టాండ్ వేసి, ఇంజిన్ ఆపే ఉంచి, మొదటి గేర్‌లో పెట్టి వెనక చక్రం చేతితో తిప్పాను. లివర్ వదిలేస్తే బరువుగా పట్టుకుంటోంది, లాగితే వదులుగా తిరుగుతోంది. తర్వాతే స్టార్ట్ చేసి కొంచెంసేపు అలా ఉంచి, కవర్ అంచు చుట్టూ పొడి గుడ్డతో తుడిచి, ఎక్కడైనా తడి అంటుతోందేమో చూశాను.

సాయంత్రం తమ్ముడు వెనక కూర్చున్నాడు, అదే ఎత్తుకు వెళ్ళాం. టాప్ గేర్‌లో యాక్సిలరేటర్ తిప్పితే శబ్దంతో పాటు బండి కూడా ముందుకు దూకింది. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు హాఫ్ క్లచ్‌లో లాగకుండా, నెమ్మదిగానే నడిపాను. ప్లేట్లు సర్దుకునే కొద్దీ లివర్ దగ్గర ఖాళీ తగ్గింది, 100 కిలోమీటర్లప్పుడు ఒకసారి, 300 దగ్గర ఇంకోసారి కేబుల్ సరిచేశాను. ఆ తర్వాత మారలేదు.