కొండ మీద గుండు సులభం, కింద కాగితమే కష్టం

నిన్న సాయంత్రమే కొండ దిగినాం. పాపకు పుట్టెంట్రుకలు తీయించినాం, చంటిపిల్లల దర్శనం అయింది, అందరం బాగున్నాం. కొండ మీది పని గురించి నాలుగు మాటల్లో చెప్పేయొచ్చు. రాయాల్సిందంతా బర్త్ సర్టిఫికెట్ కోసం ఒక మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరిగిన కథే. ఆ ఊరి పేరు రాయను. రాయకపోయినా చాలామందికి వాళ్ల ఊరి ఆఫీసే గుర్తుకొస్తుంది.

తెలియనివాళ్ల కోసం ముందు నియమం చెప్తాను. ఏడాది నిండని బిడ్డ ఉంటే తిరుమలలో సుపథం అనే ప్రత్యేక ప్రవేశ ద్వారం నుంచి తల్లిదండ్రులను బిడ్డతో పాటు ఉచితంగా దర్శనానికి పంపిస్తారు. దానికి బిడ్డ బర్త్ సర్టిఫికెట్, తల్లిదండ్రుల ఆధార్ కావాలి. అన్నీ ఒరిజినల్సే పెట్టుకోండి, ఫోన్లో ఫోటో ఉంది కదా అని బయల్దేరొద్దు. మన పక్క పుట్టెంట్రుకలు బేసి నెలల్లోనే తీస్తారు కాబట్టి తొమ్మిదో నెలో పదకొండో నెలో పెట్టుకుంటే గుండూ దర్శనమూ ఒకే ప్రయాణంలో అయిపోతాయి. మూడో ఏటికి వాయిదా వేస్తే ఈ దారి మూసుకుపోయినట్టే. బ్రహ్మోత్సవాలు, రథసప్తమి, వైకుంఠ ఏకాదశి లాంటి రద్దీ రోజుల్లో ఈ దర్శనం ఆపేస్తారు, ముహూర్తం పెట్టుకునే ముందు అది చూసుకోండి.

మా సర్టిఫికెట్లో రెండు చిక్కులు. పాప పేరు ఉండాల్సిన చోట ఖాళీ. నా పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉంది, ఆధార్లో మాత్రం మెట్టినింటి ఇంటిపేరు. మొదటిది సులభం. రెండోది చాలా ఇళ్లలో ఉండే చిక్కు, అదెట్లా పుడుతుందో చెప్తాను. తొలి కాన్పు పుట్టింట్లో కదా. గర్భం అని తెలిసినప్పుడు అక్కడి ఏఎన్ఎం తల్లీబిడ్డల కార్డులో ఊరంతా పిలిచే పాత పేరే రాసుకుంటుంది. ఆ కార్డు చూసి ఆసుపత్రిలో కేస్ షీటు రాస్తారు. కేస్ షీటు చూసి జనన నివేదిక, అంటే ఫారం 1 నింపుతారు. ఆసుపత్రి దాన్ని 21 రోజుల్లోపల రిజిస్ట్రార్‌కు పంపాలి. ఈ మొత్తంలో బాలింత దగ్గరికొచ్చి "అమ్మా, ఆధార్లో నీ పేరెట్లుంది?" అని అడిగేవాళ్లు ఎవరూ ఉండరు.

ఇంకో సంగతి, జననం నమోదయ్యేది బిడ్డ పుట్టిన ఊర్లో. కాపురం చిత్తూరులో ఉన్నా సవరణ పని మాత్రం కాన్పు జరిగిన ఊరి రిజిస్ట్రార్ దగ్గరే. చంకలో బిడ్డనేసుకొని పక్క ఊరికి తిరగాలి.

కౌంటర్ దగ్గర కాగితాలన్నీ ఇచ్చినాం. అక్కడ కూర్చున్న ఉద్యోగి సర్టిఫికెట్ ఒక చేత్తో, నా ఆధార్ ఇంకో చేత్తో పట్టుకొని వరసలో ఉన్నవాళ్లందరికీ వినపడేట్టు అడిగినాడు: "ఏమ్మా, దీంట్లో ఉండే ఆమె వేరే, దీంట్లో ఉండే ఆమె వేరే. ఈ బిడ్డ నీదేనని నాకేంది గ్యారంటీ?" మా ఆయన ఏదో చెప్పబోతే "మీరాగండి సార్, ఆమెనే చెప్పనీ" అన్నాడు. వెనక ఎవరో నవ్వినారు. పదకొండో నెల బిడ్డ నా భుజం మీద ఉంది, పాలకు ఏడుస్తా ఉంది. ఆ బిడ్డకు నేను తల్లినని నిరూపించుకోవాలంట.

తర్వాత ఆయన చెప్పిన చిట్టా విని ఇంకా కోపం వచ్చింది. గెజిటెడ్ ఆఫీసర్ సంతకం తెమ్మన్నాడు. అది తెస్తే కోర్టు ఆర్డరు కావచ్చన్నాడు. పాప పేరు చేర్చడానికి "టైం అయిపోయింది, ఫైన్ కట్టాలి" అన్నాడు. దీంట్లో ఒక్కటీ నిజం కాదు. అసలు రూలు నేను చదివిపెట్టుకున్నాను కాబట్టే నిలబడగలిగినాను, ఆ మాట గర్వంగానే చెప్పుకుంటాను.

రూలు ఇది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలో బిడ్డ పేరు చేర్చడం 14వ సెక్షన్ కిందికి, తప్పు సవరించడం 15వ సెక్షన్ కిందికి వస్తాయి. రెండూ వేరే వేరే పనులు. కౌంటర్లో వీటిని కలగాపులగం చేసి భయపెడతారు. పేరు చేర్చడానికి నమోదైన తేదీ నుంచి 12 నెలల దాకా ఏ రుసుమూ లేదు. ఆ తర్వాత ఆలస్య రుసుము కట్టి 15 ఏళ్ల దాకా చేర్చుకోవచ్చు. మా పాపకు ఇంకా ఏడాదే నిండలేదు, ఫైన్ ఎక్కడిది? ఇక ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఆర్డరు కావాలన్నది అసలు నమోదే కాని జననాలకు. నమోదైపోయిన జననంలో పేరు సవరణకు దాన్ని తెచ్చి అతికించడం ఉత్త బెదిరింపు.

సవరణలో మళ్లీ రెండు రకాలు. రాతలో జరిగిన పొరపాటు అయితే, అంటే అక్షరం తప్పు పడటం లాంటిదైతే, రిజిస్ట్రారే విచారించుకొని సరిచేయొచ్చు. అసలు విషయంలోనే తేడా అయితే మనం డిక్లరేషన్ ఇవ్వాలి, సంగతి తెలిసిన నమ్మకస్తులు ఇద్దరు కూడా ఇవ్వాలి. గెజిటెడ్ సంతకం ఊసే లేదు. ఇంటిపేరు తేడాను రెండో రకంగానే లెక్కేస్తారు అనుకొని తయారవ్వండి, వాదన తగ్గుతుంది. ఇంకోటి, సవరణ జరిగినా రిజిస్టర్లో పాత రాతను చెరపరు. పక్కన మార్జిన్లో సరైనది రాసి, తేదీ వేసి సంతకం పెడతారు.

నేను పెట్టిన కాగితాలు ఇవి. ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద ఉత్తరం: చేరిన తేదీ, ఇన్‌పేషెంట్ నంబరు, కాన్పు తేదీ, కేస్ షీటులో ఫలానా పేరుతో ఉన్నదీ ఆధార్లో ఫలానా పేరుతో ఉన్నదీ ఒక్కరే అని. నా పదో తరగతి మార్కుల జాబితా, దాంట్లో పుట్టింటి పేరూ నాయన పేరూ ఉంటాయి. పెళ్లి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, అన్నిటికన్నా బాగా పనిచేసింది ఇదే, రెండిళ్లనీ ఒకే కాగితంలో కలుపుతుంది. పెళ్లి రిజిస్టర్ చేయించుకోనివాళ్లు ఈ వారమే చేయించుకోండి. ఇద్దరూ ఒక్కరే అని స్టాంపు పేపరు మీద నోటరీ అఫిడవిట్. ఇద్దరు సాక్షుల డిక్లరేషన్లు, వాళ్ల ఆధార్ జిరాక్సులు. ఆఫీసు ఎదురుగా ఉండే జిరాక్స్ అంగట్లో అఫిడవిట్ టైపు చేస్తారు గానీ, వాళ్ల దగ్గరుండే పాత నమూనాలో పేర్లు మార్చి ఇస్తారు. వేరేవాళ్ల ఊరి పేరు మిగిలిపోయి ఉంటుంది, సంతకానికి ముందు ప్రతి వరసా చదవండి.

ఆసుపత్రివాళ్లు ఉత్తరం ఇవ్వడానికి మొదట ఒప్పుకోలేదు, "మేం రాసింది కరెక్టే" అన్నారు. నిజమే, వాళ్లకిచ్చిన కార్డు ప్రకారం కరెక్టే. తప్పు ఒప్పుకోమని అడగొద్దు. "ఇద్దరూ ఒక్కరే అని ధ్రువీకరించండి" అని అడిగితే రాసిస్తారు.

అన్నీ పెట్టినా కౌంటర్ ఆయన "గెజిటెడ్ లేదు" అనే పట్టుకున్నాడు. అప్పుడు ఒకటే మాట అన్నాను: "సరే సార్, 'ఈ కాగితాలు మేం తీసుకోం' అని రాసివ్వండి." రాయలేదు. 2023లో చట్టం సవరించినప్పుడు 25ఎ అని ఒక సెక్షన్ పెట్టినారు. రిజిస్ట్రార్ చేసిన పని మీద 30 రోజుల్లోపల జిల్లా రిజిస్ట్రార్‌కు అప్పీలు చేసుకోవచ్చు, ఆయన 90 రోజుల్లో తేల్చాలి. ఆ మాటా చెప్పినాను, సోమవారం కలెక్టరేట్లో అర్జీ ఇస్తామనీ చెప్పినాను. కాగితాలు లోపలికి పోయినాయి, రసీదు నంబరు బయటికి వచ్చింది. గొంతు పెంచాల్సిన పని లేదు. రాసివ్వమని అడగడం చాలు, మళ్లీ మళ్లీ అడగాలి అంతే.

పెళ్లయినాక ఇంటిపేరు మార్చుకోమని చెప్పేవాళ్లు ఒకరు, ఎందుకు మారిందని నిలదీసేవాళ్లు ఇంకొకరు. మధ్యలో అఫిడవిట్లకు డబ్బు కట్టేది మాత్రం మా ఆడవాళ్లమే. మా ఆయన పేరులో ఒక అక్షరం తేడా ఉంది సర్టిఫికెట్లో, దాన్ని ఆయన ఎదుటే "అదేం లేదులే సార్, టైపింగ్" అని సరిచేసినారు. నేనేం చెప్పేది!

రెండు జాగ్రత్తలు. పేరు చేర్చడం, తప్పు సవరణ ఒకేసారి పెట్టండి. ముందు పేరు ఒక్కటే చేర్పిస్తే పాత తప్పుతోనే కొత్త సర్టిఫికెట్ వస్తుంది, మళ్లీ మొదటికి పోవాలి. కంప్యూటర్లో ఎక్కించేటప్పుడు తెర తిప్పి చూపించమని అడిగి, తెలుగులో ఇంగ్లీషులో రెండు చోట్లా స్పెల్లింగ్ చదవండి. కాన్పుకు పోబోయేవాళ్లు అయితే ఇదంతా అక్కర్లేదు. ఆసుపత్రిలో చేరేటప్పుడే ఆధార్ ఇచ్చి "దీంట్లో ఉన్నట్టే రాయండి" అనండి. డిశ్చార్జికి ముందు ఫారం 1 చూపించమనండి. మన మనిషిని సంతకం పెట్టమంటే, చదివే పెట్టాలి.

ఇక ప్రయాణం. చిత్తూరు నుంచి తిరుపతి 70 కిలోమీటర్ల చిల్లర. కాస్త పక్కకు తిరిగి కాణిపాకంలో వినాయకుడికి మొక్కి, పూతలపట్టు, గాదంకి టోల్, చంద్రగిరి. టౌన్లోకి పోకుండా చెర్లోపల్లి దగ్గర తిరిగి జూపార్కు రోడ్డులో పోతే నేరుగా అలిపిరి. అక్కడ డ్రైవరు తప్ప అందరూ దిగి సామాన్లు స్కానర్లో పెట్టాలి, కాబట్టి బిడ్డ సంచి, కాగితాల సంచి చేతికందేట్టు పైన పెట్టుకోండి. ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు కొండ మీద నిషేధం. వేడినీళ్లకు స్టీలు ఫ్లాస్కు, దాంతో రాగి జావ పొడి ఉంటే బిడ్డ తిండికి ఇబ్బంది లేదు.

ఘాట్ ఎక్కే ముందు గంటన్నా ముందుగా బిడ్డకు తిండి అయిపోవాలి, నిండు కడుపుతో మలుపులు తిరిగితే కక్కుతారు. ఎక్కేటప్పుడు చెవులు దిబ్బడ పడి ఏడిస్తే కారు పక్కకు ఆపగలిగిన చోట ఆపి రెండు గుక్కలు పాలు పట్టండి, మింగితే చెవులు విడతాయి. దిగేటప్పుడు మొదటి ఘాట్, 1944 నాటి దారి, మలుపులు ఎక్కువ. 40 నిమిషాల కన్నా ముందు కిందికి చేరకూడదని లెక్క. బ్రేకు మీదే కాలు పెట్టుకొని దిగొద్దు, రెండో గేరులో వదిలితే బండే పట్టుకుంటుంది.

కళ్యాణకట్టలో టోకెనూ బ్లేడూ ఉచితంగా ఇస్తారు. బిడ్డ నిద్ర లేచి పాలు తాగిన తర్వాత తీసుకుపోండి, నిద్రకొచ్చే వేళ అస్సలు వద్దు. ఒడిలో కూర్చోబెట్టుకునేది మేనమామ. మా తమ్ముడికి ముందే చెప్పినాను: ఒక చెయ్యి పాప గడ్డం కింద పెట్టి, ఇంకో చేత్తో పాప రెండు చేతులూ కలిపి పట్టుకొని, తల కదలకుండా చూడమని. ఏడాదిలోపు బిడ్డకు మాడు ఇంకా మెత్తగా ఉంటుంది, అక్కడ చెయ్యి అదమకుండా చేయమని క్షురకుడికి చెప్పాలి. ఆయన పాపం రోజూ చేసేవాడే, నవ్వి "తెలుసు తల్లీ" అన్నాడు. జుట్టు బాగా తడవాలి, పొడి జుట్టు మీద బ్లేడు పెడితేనే గాట్లు పడేది. గోరువెచ్చని నీళ్లతో స్నానం, అరగదీసిన గంధం, నూలు టోపీ. పౌడరు కలిపిన గంధం వద్దు, మండుతుంది.

సుపథం దగ్గర మా అవ్వ అలిగింది. మేనమామ, అవ్వ, తాత ఎవర్నీ ఈ దారిలో వదలరు. తల్లీ తండ్రీ బిడ్డ, బిడ్డకు తోడబుట్టిన చిన్నపిల్లలు ఉంటే వాళ్లు, అంతే. పెద్దోళ్లకు అదే రోజుకు 300 రూపాయల టికెట్లు వేరేగా తీసిపెట్టాలి, అవి మూడు నెలల ముందే ఆన్‌లైన్లో విడుదలై అయిపోతాయి. ఈ సంగతి ఇంట్లోనే చెప్పేస్తే క్యూ దగ్గర అలకలుండవు. మా కాగితాలు చూసినారు, తేదీ చూసినారు, పొమ్మన్నారు. బిడ్డ నీదేనా అని ఎవరూ అడగలేదు. దర్శనం తర్వాత వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో భోజనం, లడ్డూలు, దిగుడు.

ఇంటికొచ్చినాక నాలుగైదు రోజులు ఎండ తగలనివ్వకండి, చెమటకాయలు లేస్తాయి. సర్టిఫికెట్ సరైంది కదా అని వెంటనే బాల ఆధార్‌కు పెట్టేయండి. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకు బర్త్ సర్టిఫికెట్ లేనిదే ఆధార్ నమోదు చేయరు. బిడ్డ ఫోటో తీసి, తల్లిదో తండ్రిదో వేలిముద్ర తీసుకుంటారు. నీలం రంగు కార్డు వస్తుంది, 5 ఏళ్లు నిండినాక బిడ్డ వేలిముద్రలు, కంటిపాప గుర్తులు ఇచ్చి అప్‌డేట్ చేయించాలి. ఆధార్ సెంటరుకు తల్లి వేలిముద్రతోనే పోండి, సవరించిన పేరు అక్కడ కూడా కలుస్తుందో లేదో అప్పుడే తేలిపోతుంది.