“నాకే దొరకలేదమ్మా”: ఆసుపత్రి వెబ్‌సైటును సర్దిన నా అనుభవం

నిన్న రాత్రి పదకొండు దాటాక ఆసుపత్రి కొత్త వెబ్‌సైటు, దానితోపాటు యాప్ జనానికి అందుబాటులోకి వచ్చాయి. నాలుగు నెలల పని. గుండెల మీది బరువు దిగింది కానీ, రెండో నెలలో జరిగిన ఒక సమావేశం గుర్తుకొస్తే ఇప్పటికీ తల దించుకోవాలనిపిస్తుంది. మరిచిపోకముందే రాసిపెడుతున్నాను.

నేను గుంటూరులో ఒక చిన్న సంస్థలో పనిచేస్తాను. వెబ్‌సైట్లలో ఏ సమాచారం ఎక్కడ ఉండాలి, దాన్ని ఏ పేరుతో పిలవాలి అన్నది చూడటం నా ఉద్యోగం. ఆసుపత్రి పేరు చెప్పను.

ముందుగా ఉన్న పేజీలన్నిటికీ జాబితా రాశాం. 412 తేలాయి. రోగులను చూడవచ్చే వేళల గురించి మూడు పేజీలుంటే, మూడింటిలో మూడు వేళలు ఉన్నాయి. ఈ జాబితా పని ఎవరికీ అప్పగించకండి, విసుగనిపించినా మీరే కూర్చుని చదవండి.

ఆ తరువాతది కార్డ్ సార్టింగ్. ఒక్కో విషయాన్ని ఒక్కో చీటీ మీద రాసి, కలిసి ఉండవలసినవాటిని కుప్పలుగా పెట్టమని, ప్రతి కుప్పకూ ఒక పేరు చెప్పమని జనాన్ని అడగడం. ఇందుకు పదిహేను మంది చాలని, వెబ్‌సైట్లను జనం ఎలా వాడతారో పరిశోధించే జేకబ్ నీల్సన్ 2004లో రాశాడు. నేనూ ఓపీ హాలులో పదిహేను మందినే కూర్చోబెట్టాను. పొన్నూరు దగ్గరి పల్లె నుంచి భర్త మోకాలి నొప్పి కోసం వచ్చిన ఒకావిడ నలభై చీట్లను చకచకా మూడు కుప్పలు చేసింది. “ఇవి బయలుదేరే ముందు చూసుకునేవి. ఇవి ఇక్కడికి వచ్చాక. ఇవి ఇంటికి వెళ్ళాక” అంది. ‘రక్తపరీక్షకు ముందు ఏమీ తినకూడదు’ అన్న చీటీని మొదటి కుప్పలో అన్నిటికన్నా పైన పెట్టి, “ఇది తెలియక పోయినసారి టిఫిన్ చేసి వచ్చామమ్మా, వెనక్కి పంపేశారు” అంది. నేను శ్రద్ధగా రాసుకున్నాను. రాసుకుని పక్కన పెట్టాను. నేను చేసిన తప్పు అదే.

ఎందుకు పక్కన పెట్టానంటే, అప్పటికే విభాగాల ఒత్తిడి మొదలైంది. ప్రతి విభాగానికీ తన బోర్డు మీదున్న పేరే మెనూలో కనిపించాలి. ఒక పెద్ద డాక్టరుగారికి తన విభాగమే ముందుండాలి. ప్రచార విభాగానికి అవార్డులు, ఛైర్మన్ సందేశం అన్నిటికన్నా పైన ఉండాలి. తగవు తీర్చడానికి అకారాది క్రమం పెడదామన్నాను. అప్పుడు ఆర్థోపెడిక్స్ ‘ఆ’లోకి వెళ్ళింది. ‘ఎముకల డాక్టర్’ కోసం వచ్చినవారు ‘ఎ’ దగ్గర వెతుకుతారు కదా! పేరు తెలిసినవారికే అకారాది క్రమం దారి చూపిస్తుంది. మోకాలి నొప్పితో వచ్చేవారికి తెలిసింది నొప్పి మాత్రమే.

చివరకు అందరినీ మెప్పించడానికి నాలుగు శీర్షికలు తయారుచేశాను: వైద్య సేవలు, చికిత్సా విభాగాలు, రోగనిర్ధారణ సేవలు, రోగి సమాచారం. మంచి తెలుగు అని నాకు గర్వంగా కూడా ఉండేది.

సమావేశంలో పద్దెనిమిది మంది ఉన్నారు. గోడ మీద తెర. నేను ఇరవై నిమిషాలు వివరించాను. పరిపాలనాధికారి అంతా విని, తలుపు దగ్గర నిలబడి ఉన్న హెడ్ నర్సును పిలిచి, “పిల్లల టీకాల పట్టిక ఎక్కడుందో తీయండి” అన్నారు. ఆవిడ ఆ ఆసుపత్రిలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తోంది. ‘వైద్య సేవలు’ నొక్కింది, వెనక్కి వచ్చింది. ‘చికిత్సా విభాగాలు’లో పిల్లల విభాగం దాకా వెళ్ళింది, అక్కడ డాక్టర్ల ఫొటోలే ఉన్నాయి. మళ్ళీ వెనక్కి. ‘రోగి సమాచారం’ తెరిచి, పైనుంచి కిందదాకా వేలు పెట్టి చదివింది. మౌస్ చప్పుడు తప్ప గదిలో ఇంకే శబ్దమూ లేదు. నాకు చెమటలు పట్టాయి. చివరకు ఆవిడ నావైపు తిరిగి, ఎంతో మెల్లగా, “నాకే దొరకలేదమ్మా” అంది. పట్టిక ‘వైద్య సేవలు’లో ‘నివారణ వైద్యం’ కింద ఉంది. అక్కడ పెట్టింది నేనే.

ఆ పేర్ల కోసం వారాల తరబడి పట్టుబట్టినవారిలో ఒక్కరూ నా తరఫున నోరు విప్పలేదు. పైగా ఒకాయన “జనానికి అర్థమయ్యేలా చేయాలని మేము మొదటినుంచీ చెబుతూనే ఉన్నాం” అన్నారు. ఆ మాట నేను మరిచిపోలేదు. అప్పటినుంచి ఎవరు ఏ పేరు అడిగినా తేదీతో సహా రాయించుకుంటున్నాను. మీరూ రాయించుకోండి.

మర్నాడు పొన్నూరు ఆవిడ కుప్పల కాగితం వెతికి తీశాను. రంగులు, బొమ్మలు ఏవీ లేకుండా, ఏ పేరు కింద ఏది వస్తుందో చూపే ఉత్త పేర్ల చెట్టు గీసి, ఓపీ హాలులో పన్నెండు మందికి చూపించాను. ట్రీ టెస్టింగ్ అంటే ఇదే. డిజైన్ మొదలుకాకముందే దీన్ని చేయాలి, నేను ఆలస్యంగా చేశాను. “నిన్న ఇచ్చిన రక్తపరీక్ష ఫలితం ఎక్కడ చూస్తారు?” అంటే పాత శీర్షికల చెట్టులో ముగ్గురికే దొరికింది. ‘రోగనిర్ధారణ సేవలు’ తీసేసి ‘నా రిపోర్టులు’ అని పెట్టాక పదకొండు మందికి దొరికింది. మూడు నొక్కుల్లో అన్నీ రావాలని పైవాళ్ళు పట్టుబట్టారు. అది పట్టించుకోనవసరం లేదు. సరైన దారిలోనే ఉన్నామని తెలుస్తుంటే జనం నాలుగోసారి కూడా నొక్కుతారు.

ఇందులో కొత్త విద్య ఏమీ లేదు. పాఠకుడి సమయాన్ని ఆదా చేయాలని మన దేశపు గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే గ్రంథాలయ సూత్రంగా రాశారు. పుస్తకాలను విషయాన్ని బట్టి సర్దడానికి 1933లో ఆయన ఇచ్చిన కోలన్ వర్గీకరణ పద్ధతి ఒక విషయాన్ని అనేక కోణాల నుంచి చూస్తుంది. మేమూ డాక్టర్ల జాబితాను శరీర భాగాన్ని బట్టి, డాక్టరు పేరును బట్టి, ఓపీ రోజును బట్టి మూడు దారుల్లో తెరిచాం. వెతికే పెట్టెలో షుగర్, సుగర్, మధుమేహం, చక్కెర వ్యాధి ఏది రాసినా ఒకే పేజీ వస్తుంది. మన పక్కనే ఇంత పెద్ద ఆలోచన ఉండగా, పుస్తకాల అరలు సర్దినంత శ్రద్ధ కూడా మన వెబ్‌సైట్ల మీద పెట్టకపోవడం నాకు బాధగా ఉంటుంది. జబ్బు మనిషిని పక్కన పెట్టుకుని ఫోనులో వెతికేవారి కంగారు ఒకసారి దగ్గరనుంచి చూస్తే ఎవరూ ఇంత నిర్లక్ష్యంగా ఉండలేరు.

ఇప్పుడు మొదటి పేజీలో ‘బయలుదేరే ముందు’, ‘ఇక్కడికి వచ్చాక’, ‘ఇంటికి వెళ్ళాక’, ‘నా రిపోర్టులు’ ఉన్నాయి. అవార్డులు అడుగున ఉన్నాయి, దానికి మరో రెండు సమావేశాలు పట్టాయి.

ఈ ఉదయం ఏడింటికే హెడ్ నర్సు ఫోన్ చేసింది. టీకాల పట్టిక వెంటనే దొరికిందట. “కానీ అక్షరాలు మరీ చిన్నవిగా ఉన్నాయమ్మా, కళ్ళజోడు పెట్టుకున్నా కనిపించడం లేదు” అంది. సోమవారం ఆ పేజీ సరిచేస్తున్నాం.