దేవరకొండ దారిలో దొరికిన ఆరాధన

నల్లగొండలోని మా క్రైస్తవ సంఘంలో కొన్నేళ్లుగా ఆదివారపు పాటలన్నీ పెన్‌డ్రైవ్‌లోని ట్రాకుల మీదే, అంటే ముందే రికార్డు చేసిన వాద్య సంగీతం మీదే సాగుతున్నాయి. ట్రాకులో శ్రుతి తప్పదు, తాళం తప్పదు, వాయించేవాళ్లు రాలేదన్న చింత ఉండదు. కానీ పాడుతూ పాడుతూ ఎవరికైనా గొంతు పూడుకుపోతే ఆ పాట వాళ్లకోసం ఆగదు. ఈ లోటు నన్ను చాలాకాలంగా కలవరపెడుతోంది. అందుకే, దేవరకొండ అవతలి ఒక పల్లె సంఘంలో శనివారం రాత్రి కూడికలు ఇప్పటికీ హార్మోనియం, డోలక్, డప్పులతోనే జరుగుతాయని బంధువుల ద్వారా తెలిసినప్పుడు, ఆ రాత్రి అక్కడ గడిపి, మరునాడు సాయంత్రానికి మహబూబ్‌నగర్ చేరి అక్కడి పట్టణ సంఘపు ఆరాధనలోనూ కూర్చోవాలని బయలుదేరాను.

బత్తాయి తోటలు, పత్తి చేలు దాటుకుంటూ సాగే ఈ దారికి క్రైస్తవ చరిత్రలో చోటుంది. 1890 ప్రాంతంలో రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ బ్రదరన్ అనే ప్రొటెస్టంట్ శాఖ మిషనరీ అబ్రహాం ఫ్రీజెన్, అమెరికన్ బాప్టిస్టులతో కలిసి నల్లగొండలో పరిచర్య చేశారు. తరువాతి కాలంలో అమెరికా మెన్నొనైట్ బ్రదరన్ మిషను పని నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి, మహబూబ్‌నగర్ వరకూ విస్తరించింది. రష్యాలోని ఆ మెన్నొనైట్లు స్వరాలను అంకెలతో రాసుకొని, ఒకే పాటను నాలుగు గొంతుల్లో పాడుకునేవారు. మన సంఘాలకు మాత్రం వేరే సంపద దక్కింది. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి వంటివారు పల్లవి, చరణాలతో, రాగతాళాలతో రాసిన కీర్తనలే మన ముందుతరాల నోట నిలిచాయి. చదువురాని విశ్వాసులు సైతం వాక్యాన్ని పాటగా కంఠస్థం చేయగలిగారంటే అది ఆ కీర్తనల చలవే.

నేను ఊరు చేరేసరికి పొద్దుగూకింది. చర్చి గుడి వెనుక తాటాకు మంట వేసి ఇద్దరు యువకులు డప్పులు కాస్తున్నారు. వానాకాలపు తేమకు తోలు వదులవుతుంది కాబట్టి, మంటకు కొద్ది దూరంలో డప్పును తిప్పుతూ, మధ్యమధ్య చూపుడువేలితో తట్టి చెవి దగ్గర పెట్టుకొని వింటున్నారు. మోత బిగువుగా పలికాకే డప్పు కొట్టే పుల్లలు, సిర్ర, సిటికెన పుల్ల చేతికి తీసుకున్నారు. చావులకూ గ్రామదేవతల జాతరలకూ మోగే వాద్యమని కొన్ని సంఘాలు డప్పును గుడిలోకి రానివ్వలేదు. ఆ మాట నేను అక్కడి సంఘపెద్దతో అన్నాను. "మా నాయిన జీవితమంత డప్పు కొట్టిండు సార్. బాప్తిస్మం తీసుకున్నంక ఇంట్ల మూలకు పెట్టిండు. అయ్యగారొచ్చి, ఇగ దేవునికే కొట్టు అన్నంక మల్ల తీసిండు" అని ఆయన చెప్పారు. ఆ అయ్యగారి, అంటే పాస్టరుగారి నిర్ణయం సరైనదని నేను మనసారా నమ్ముతున్నాను. తరతరాలుగా చేతికి అబ్బిన విద్యను గుమ్మం బయటే వదిలి రమ్మంటే, ఆ మనిషిలో సగమే ఆరాధనకు వస్తాడు.

కూడికలో మొదటి పాట ఎత్తుకున్నది ఒక పెద్దావిడ. హార్మోనియం మెట్లకు చెప్పుకునే శ్రుతి లెక్కలో, ఆమె ఎత్తుకున్న శ్రుతి నాలుగుకు కొంచెం పైన, దాని పక్క మెట్టయిన నాలుగున్నరకు కొంచెం కింద ఉంది. హార్మోనియంలో ఆ రెండు మెట్ల మధ్య ఏ స్వరమూ లేదు. వాయించే ఆయన రెండు మెట్లూ మెల్లగా నొక్కి చూసి, చేతులు తీసేసి, డప్పు వైపు తలూపారు. పల్లవి డప్పు మీదే నడిచింది. జనమంతా అందుకొని, ఆ పలు గొంతుల్లో శ్రుతి తనంతట తానే నాలుగున్నరలో కుదురుకున్నాక, అప్పుడు హార్మోనియం వచ్చి చేరింది. సంగీతం తెలిసిన మనిషి తన విద్యను అంతసేపు ఆపుకోవడం నేను చూసిన గొప్ప పరిచర్యల్లో ఒకటి.

మూడో చరణంలో ఆ పెద్దావిడ పాట ఆపి ప్రార్థన చేయసాగింది. డప్పులు వెంటనే ఆగాయి. డోలక్ అరచేతి దెబ్బల నుంచి వేళ్ల కొసలకు తగ్గింది. హార్మోనియం మీద షడ్జమం, పంచమం, అంటే స, ప స్వరాలు మాత్రమే మిగిలాయి. ఆ ఆధార శ్రుతి మీద ఒక్కొక్కరే గొంతెత్తి ప్రార్థించారు. ఎవరో పిల్ల పల్లవి మళ్లీ అందుకునేదాకా వాద్యగాళ్లు తొందరపడలేదు. రెండవ రాజుల గ్రంథం మూడో అధ్యాయంలో ఎలీషా ప్రవక్త వాద్యకుణ్ణి పిలిపించుకున్న సంగతి ఉంది. అతడు వాయిస్తుండగా యెహోవా హస్తం ప్రవక్త మీదికి వచ్చింది. వాయించే మనిషి ఎదుట ఉండటానికీ, దేవుని కోసం కనిపెట్టడానికీ ఉన్న సంబంధం ఆ రాత్రి నాకు అనుభవంలోకి వచ్చింది. అంతకుముందు ఎన్నోసార్లు పాడిన పాటే అయినా, అందులోని ఒప్పుకోలును నా ఒప్పుకోలుగా పాడింది అప్పుడే.

మరునాడు కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్ చేరాను. అక్కడ కీబోర్డు, గిటారు, రిథమ్ ప్యాడ్ ఉన్నాయి. మొదటి పాటల్లో స్పీకర్ల హోరుకు పక్కనున్నవారి గొంతు వినబడక మనసు నొచ్చుకుంది. కానీ రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభుబల్ల సమయానికి కీబోర్డు వాయించే యువకుడు తక్కినవాళ్లకు సైగచేసి ఆపించి, పాస్టరుగారి మాటల మధ్య ఖాళీలను చూసుకుంటూ వాయించాడు. జనం వరుసగా బల్ల దగ్గరికి వచ్చి వెళ్లేదాకా చరణాన్ని తిప్పి తిప్పి పాడించాడు. పల్లెలోని హార్మోనియం ఆయన చేసిన పనే ఇది. వాద్యం పాతదా కొత్తదా అన్నది నాకు ముఖ్యంగా తోచలేదు. అయితే ఇలా వినగలగడానికి సాధన కావాలి. దావీదు కాలంలో యెహోవాకు గానము చేయుటలో నేర్పు పొందినవారు 288 మంది అని మొదటి దినవృత్తాంతముల గ్రంథం లెక్క చెబుతుంది. భక్తి ఉంటే చాలని సాధన మానేసే బృందాలకు ఆ అధ్యాయాన్ని చదివి వినిపించాలి.

తిరిగి వచ్చాక మా పాస్టరుగారితో, పాటల బృందంతో మాట్లాడాను. ప్రభుబల్ల ఇచ్చే ఆదివారాల్లో ట్రాకులు లేకుండా పాడటానికి అందరూ ఒప్పుకున్నారు. గుడి బీరువాలోని పాత హార్మోనియంలో కొన్ని రీడ్లు పలకడం లేదు, తిత్తి కూడా గాలి వదిలేస్తోంది. దాన్ని బాగుచేయడానికి ఇచ్చాం. శుక్రవారం సాయంత్రాలు సాధనకు కేటాయించాం.