బొక్కల చారులో నాచు

టోక్యోలో డిసెంబర్ 25 రాత్రి, ఎనిమిది దాటాక సూపర్‌మార్కెట్‌కి వెళ్తే కాల్చిన కోళ్ల మీద సగం ధర స్టిక్కర్లు పడి ఉంటాయి. క్రిస్మస్‌కు చికెన్ తినడం ఇక్కడ రివాజు. తెల్లారితే వాటి మొహం చూసేవాళ్లుండరు. టోక్యోలోని ఈ నిషికసాయి పేటకు వచ్చినప్పటి నుంచి ఏటా ఒకటి తెచ్చుకుంటున్నాం. మాంసం ఆ రాత్రే అయిపోతుంది. బొక్కలు నావి.

వరంగల్‌లో అమ్మ బొక్కల్లో అల్లం, మిరియాలు వేసి కుక్కర్‌లో ఎనిమిది విజిల్స్ రానిచ్చేది. మొదటి ఏడాది నేనూ అంతే చేసి, ఎవరో చెప్పారని ఒక కొంబు ముక్క కూడా పడేశాను. కొంబు అంటే హొక్కైడో వైపు సముద్రంలో పెరిగే వెడల్పాటి నాచు. ఎండబెట్టి చెప్పు అట్టలా గట్టిగా అమ్ముతారు. దాని మీద తెల్లపొడి కనిపిస్తే బూజనుకుని నల్లా కింద పెట్టి బరబరా రుద్దాను. తీరా మూత తీస్తే చారు బెండకాయ జిగురులా సాగుతోంది. వీడియో కాల్‌లో చూసిన అమ్మ, "చెరువుల నాచు తెచ్చి చారుల ఏసినవారా? ముందు పారబొయ్యి" అంది. పారబోశాను.

ఆ పొడి బూజు కాదు, మానిటాల్ అనే తియ్యటి పదార్థం. తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే చాలు. జిగురు, చేదు కొంబును మరిగిస్తేనే దిగుతాయి.

ఇప్పుడు అరచేయంత ముక్కను లీటరున్నర చన్నీళ్లలో రాత్రే నానేస్తాను. పొద్దున సన్నసెగ మీద పెట్టి అక్కడే నిలబడతాను, ఫోన్ మోగినా ఎత్తను. అడుగున ఆవగింజంత బుడగలు లేవగానే కొంబు బయటికి. ఆ తర్వాతే బొక్కలు, అల్లం, ఉల్లికాడలు. తెట్టు తీస్తూ రెండు గంటలు. కుక్కర్ వాడట్లేదని అమ్మకు చెప్పలేదు.

1908లో కికునాయె ఇకెడా అనే టోక్యో ప్రొఫెసర్ ఈ కొంబు నీళ్ల రుచి వెంటపడి, దానికి కారణమైన గ్లుటమేట్ అనే పదార్థాన్ని పట్టుకుని, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. మన నూడుల్స్ బండ్ల మీద చల్లే టేస్టింగ్ సాల్ట్ అలా పుట్టిందే. హన్మకొండలో "అన్నా, అజినొమొటో వెయ్యకు" అని మరీ మరీ చెప్పి తిన్నవాణ్ణి, ఇప్పుడదే రుచి కోసం రాత్రంతా నాచు నానబెడుతున్నాను.

మా ఆవిడకు థైరాయిడ్. కొంబులో అయోడిన్ చాలా ఎక్కువ కాబట్టి ఆమె చారు వేరే గిన్నెలో, మామూలు నీళ్లతో. మిరియాల పొడి మాత్రం ఇద్దరికీ అమ్మ లెక్కే.

తీసేసిన కొంబును పారేయను. సన్నగా తరిగి వెల్లుల్లి, ఎండుమిర్చి, నువ్వులతో వేయిస్తాను. మొన్న ఫోటో పంపితే అమ్మ, "గోరుచిక్కుడు బాగ మాడింది బిడ్డా" అంది.

అవునన్నాను.