చెక్కు పాసయ్యాకే సంతకం

"శుక్రవారం లోన్ క్లోజింగ్ తమ్ముడూ. ముందు ఆ రిలీజ్ కాగితం పంపించు, నీ డబ్బు ఎక్కడికి పోతుంది?"

పది నెలల్లో ఆయన తనంతట తాను ఫోన్ చేయడం అదే మొదటిసారి. డాలస్ పక్కన సొంత ఆఫీసు పెట్టుకున్న కొత్తలో ఆయన షాపింగ్ సెంటర్‌కి డ్రాయింగులు గీశాను. పర్మిట్ వచ్చింది, కట్టడం పూర్తయింది, షాపులు తెరిచారు. నాకు రావాల్సిన 38,000 డాలర్లు మాత్రం "వచ్చే వారం" అంటూనే ఉన్నారు.

టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 53వ అధ్యాయం ఆర్కిటెక్టుకు కూడా లీన్ హక్కు ఇస్తుంది. అంటే మన ఫీజు బాకీ ఆ ఆస్తి మీదే రికార్డవుతుంది. దాన్ని ఎత్తేసే కాగితమే రిలీజ్. ఒప్పందం పని ముగిసిన నెల తర్వాత నాలుగో నెల 15వ తేదీలోపు కౌంటీలో అఫిడవిట్ వేయాలి, ఆపైన ఐదు రోజుల్లో యజమానికి కాపీ పంపాలి. గడువుకు రెండు రోజుల ముందు ఆ అఫిడవిట్ మీద సంతకం పెట్టాను. వాళ్ళింట్లో సంక్రాంతి భోజనం చేసినవాణ్ణి, అంతవరకు చేయి ఆడలేదు.

ఇప్పుడాయన లోన్ మార్చుకుంటున్నారు. మన ఈసీలో తాకట్టు కనబడ్డట్టు, ఆస్తి రికార్డులు పరిశీలించే టైటిల్ కంపెనీ వెతుకులాటలో నా లీన్ బయటపడింది. 40,000 డాలర్ల లోపు బాకీకి రెట్టింపు మొత్తానికి హామీ బాండు ఇచ్చి దాన్ని తప్పించుకోవచ్చు. కానీ 76,000కి బాండు తేవడం కన్నా నన్ను అడగడమే ఆయనకు సులువు.

మనవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే. షరతులతో కూడిన రిలీజ్ డబ్బు అందితేనే చెల్లుతుంది. షరతు లేనిదాని మీద సంతకం చేస్తే మన హక్కు పోయినట్టే. డబ్బు నిజంగా చేతికి అందకముందు అలాంటి సంతకం అడగకూడదని చట్టంలోనే ఉంది. మొహమాటపడకండి.

"అన్నా, కాగితం టైటిల్ కంపెనీ దగ్గర పెడతాను. లోన్ డబ్బులోంచి నాకు పంపాకే వాళ్ళు రికార్డు చేస్తారు" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత సరేనన్నారు.

నోటరీ ముందు కూర్చున్నాక కాగితం మళ్ళీ చదివాను. లీన్ రికార్డయిన నంబరులో 6 బదులు 8 పడింది. అలాగే వెళ్ళుంటే అసలు లీన్ రికార్డుల్లో అలాగే ఉండిపోయేది. కొత్తది ప్రింట్ తీయించి, లాట్, బ్లాక్ నంబర్లు కూడా వేలు పెట్టి సరిచూసుకుని సంతకం చేశాను.

శుక్రవారం మధ్యాహ్నం డబ్బు పడింది. సోమవారం కౌంటీ రికార్డుల్లో లీన్ కింద రిలీజ్ కనిపించింది. ఆ పేజీ ఫొటో తీసి ఆయనకు పంపాను.